పెట్రోలు ముల్లు చెప్పిన అబద్ధం



ప్రత్యేక సంచికకు సర్వీసు నాటి సంగతి ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. పెద్ద చరిత్రలు రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక పాత వ్యానులోని పెట్రోలు ముల్లు చరిత్ర రాస్తాను.

తొలినాటి మోటారు బండ్లకు ఈ ముల్లు లేదు. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ కారులో ట్యాంకు ముందు సీటు కింద ఉండేది. సీటు ఎత్తి, కర్ర ముంచి, తడి ఎంతవరకు ఉందో చూసుకొనేవారు. జర్మనీ వారి ఫోక్స్‌వాగన్ బీటిల్ కారుకు 1961 దాకా ముల్లు లేదు. పెట్రోలు అయిపోవస్తే రిజర్వు మీట తిప్పుకోవాలి. స్కూటర్లపై ఆఫీసుకు వెళ్లిన మనకు ఆ మీట కొత్త కాదు.

ముల్లు ఉన్న బండ్లలో ఏర్పాటు ఇది: ట్యాంకులో బోలుగా ఉండే చిన్న డబ్బీ పెట్రోలుపై తేలుతుంది. అది లేచినా దిగినా దానికి బిగించిన కడ్డీ కదిలి, తీగలో పారే కరెంటు మారుతుంది. దాన్నిబట్టి ముల్లు తిరుగుతుంది.

1973 అక్టోబరు నాటి అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత, బ్యారెల్ సుమారు 3 డాలర్లున్న ముడిచమురు 1974 జనవరికి 12 డాలర్ల దరిదాపులకు చేరింది. మా ఆఫీసులో ప్రతి లీటరుకూ లెక్క అడిగేవారు. అప్పుడు నేను దిగువ శ్రేణి గుమాస్తాను. వ్యాను లాగ్ బుక్కు నా వద్దే ఉండేది.

ట్యాంకు 40 లీటర్లది. నిండా పోయించినట్లు బిల్లు వచ్చినా ముల్లు ముప్పావు దాటేది కాదు. తేడా పది లీటర్లు! డ్రైవరు నుండి సంజాయిషీ కోరవచ్చునని ఫైలుపై నోటు రాసింది నేనే. వయసులో నాకు తండ్రి వంటి ఆయన ఒక్కటే అన్నాడు: "బాబూ, ముల్లును కాదు, ట్యాంకును అడగండి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఫీసరు గారి అనుమతితో, మెకానిక్కును పిలిపించి, ఆరుబయట ట్యాంకు ఖాళీ చేయించాము. కొలత డబ్బాతో ఐదేసి లీటర్లు పోస్తూ కర్రపై గీతలు పెట్టాము. 20 లీటర్లకు ముల్లు పావు దగ్గరే ఉంది. 40 పోస్తే ముప్పావు చూపింది. బిల్లు నిజం, ముల్లు అబద్ధం.

తేలే డబ్బీని ఊడదీసి ఊపితే లోపల పెట్రోలు గలగలమంది. సూదిమొనంత చిల్లు పడి, పెట్రోలు చేరి, బరువెక్కి కిందికి దిగిపోయింది. మెకానిక్కు దాన్ని వేడి నీళ్లలో ముంచి, బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టాడు. లోపల చుక్క పెట్రోలు లేదని నిర్ధారించుకొన్నాకే టంకం పెట్టాడు. తిరిగి బిగించి ఐదేసి లీటర్లు పోస్తే, ముల్లు కర్ర గీతలతో సరిపోయింది.

నా నోటు కిందనే, లోపము మీటరుదని, సంజాయిషీ అవసరము లేదని మరో నోటు రాశాను. ఆయన కొన్నేళ్ల తర్వాత ఏ మచ్చా లేకుండా రిటైరై పూర్తి పెన్షను అందుకొన్నాడు. నా మొదటి నోటే నిలిచి ఉంటే ఏమయ్యేదో పెన్షనర్లమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత నా సర్వీసంతా, ఎవరి మీదనైనా నోటు రాసే ముందు, ఆ గీతల కర్ర నాకు గుర్తుకు వచ్చేది.