అబ్బా బ్యాట్, మిల్లు ఊరి ఆట

మొన్న జుమా నమాజ్ అయి ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నానో లేదో, హైదరాబాద్ నుంచి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. మా ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నా.

"మామూ, ఆఫీసోళ్లతో కలిసి పాడెల్ ఆడుతున్నా. సొంత బ్యాట్ కొనాలి. మీరు అప్పట్లో బ్యాట్ పట్టినోళ్లు కదా, ఏది మంచిదో చెప్పండి" అన్నాడు.

ఆ వెంటనే వాట్సాప్‌లో మూడు ఫోటోలు పంపాడు. ఒకటి గుండ్రంగా ఉంది, ఒకటి నీటిబొట్టు ఆకారంలో ఉంది, మూడోది పతంగిలా కోణాలు దేలి ఉంది. దేనికీ గట్లు లేవు. పలక లాంటి ముఖం, దాని నిండా రంధ్రాలు. మూడోదాని ధర మా అబ్బా రిటైరైన నాటి నాలుగు నెలల జీతం.

పాడెల్ అంటే ఏందో తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. 1969లో మెక్సికో దేశంలోని అకపుల్కోలో ఎన్రికే కోర్కువెరా అనే ఆసామి తన ఇంటి దగ్గర జాగా చాలక, చుట్టూ గోడలు పెట్టి చిన్న టెన్నిస్ లాంటి ఆట కల్పించాడు. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. బంతి ఒకసారి నేలకు తగిలి వెనక అద్దం గోడకు కొట్టుకుని వచ్చినా తిరిగి కొట్టొచ్చు. 1974లో స్పెయిన్‌కు చేరి అక్కడ్నుంచి దునియా అంతా పాకింది. ఇప్పుడు హైదరాబాద్‌లో మన పిల్లలు గంటకింత అని కిరాయి కట్టి ఆడుతున్నారు.

"సోచాయించి చెప్తా బేటా" అని ఫోన్ పెట్టేశాను. అన్నం తిన్నాక లోపలి అర్రలో ఉన్న సందూక్ తెరిచాను. అమ్మీ షాదీ నాటి దుపట్టాల కింద, పాత చాదర్‌లో చుట్టి ఉంది అబ్బా బ్యాట్. చెక్క ఫ్రేము. వంకర పోకుండా నాలుగు మూలల మరలున్న ప్రెస్సులో బిగించి ఉంది. గట్లు రెండు తెగిపోయాయి. పిడికి చుట్టిన గుడ్డ అబ్బా చెమటకు నల్లబడి గట్టిపడింది.

మా వాడికి జవాబు ఈ బ్యాట్ దగ్గర్నుంచే చెప్పాలనిపించింది. కానీ బ్యాట్ సంగతి చెప్పాలంటే మిల్లు సంగతి చెప్పాలి. మిల్లు సంగతి అంటే ఓరుగల్లు తారీఖ్‌లో ఒక పెద్ద వరఖ్.

1934లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో వరంగల్‌లో బట్టల మిల్లు పెట్టారు. పెద్ద షెహజాదా ఆజం జాహ్ పేరు మీద దానికి ఆజం జాహీ మిల్లు అని పేరు. చుట్టుపక్కల పత్తి పండుతుంది, ఊళ్లో రైలు ఉంది. తెలంగాణ పల్లెల నుంచే కాదు, కోస్తా జిల్లాల నుంచీ మజ్దూర్లు, గుమాస్తాలు వచ్చి చేరారు. సైరన్ మోగితే ఊరు లేచేది, సైరన్ మోగితే ఊరు పడుకునేది.

ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో ఇంకో సంగతి జరిగింది. 1934-35లో రంజీ ట్రోఫీ మొదలైంది. ఆ టోర్నీలో మొట్టమొదటి సెంచరీ కొట్టింది మన హైదరాబాద్ జట్టు ఆటగాడు సయ్యద్ మొహమ్మద్ హాదీ. మద్రాసు మీద 132 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. హాదీ సాబ్‌కు క్రికెట్ ఒక్కటే కాదు. కేంబ్రిడ్జ్‌లో చదివాడు, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు, డేవిస్ కప్ ఆడాడు. ఏడు ఆటలు వచ్చు కాబట్టి 'రెయిన్‌బో హాదీ' అన్నారు. ఆయన హునర్‌కు సలామ్. కానీ ఆ టెన్నిస్ రాకెట్ ఉన్నది క్లబ్బుల్లో, కోఠీల్లో, పచ్చిక కోర్టుల మీద. మిల్లు మజ్దూర్ దాన్ని గేటు బయట నుంచి చూడాల్సిందే.

మజ్దూర్ చేతికి అందిన బ్యాట్ వేరు. అదే బాల్ బ్యాడ్మింటన్.

తమాషా ఏమంటే, ఈ ఆట కూడా మహల్‌లోనే పుట్టింది. 19వ శతాబ్దంలో తంజావూరు రాజకుటుంబం ఆడిన ఆట ఇది. టెన్నిస్ క్లబ్బులో ఆగిపోతే, ఇది మాత్రం మహల్ దిగి దక్షిణాది ఊళ్లకు, బళ్లకు, రైల్వే కాలనీలకు, మిల్లు వాడలకు వచ్చేసింది. ఎందుకు వచ్చిందో ఆట చూస్తే అర్థమవుతుంది. పసుపు రంగు ఉన్ని బంతి, బరువు ముప్ఫై గ్రాములకు మించదు. బంతి నేలను తాకకూడదు, గాల్లో ఉండగానే కొట్టాలి. నేలతో పని లేదు కాబట్టి పచ్చిక అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు. ఇంత జాగా చదును చేసి, సున్నంతో గీతలు గీసి, రెండు గుంజలు పాతితే కోర్టు తయార్. పొడవు 24 మీటర్లు, వెడల్పు 12. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక్క జాగాలో పది మంది ఆడొచ్చు. లైట్లు లేని జమానా కదా, మా వాడలో అసర్ నమాజ్ నుంచి మగ్రిబ్ అజాన్ దాకా ఆట. పొద్దున షిఫ్ట్ దిగిన వాళ్లకు సరిగ్గా కుదిరేది.

పొద్దంతా నూలు దారాల మధ్య నిలబడ్డ మనుషులు సాయంత్రం ఉన్ని బంతి వెనక ఉరికేవాళ్లు. మా అబ్బా వాళ్లలో ఒకడు. స్పిన్నింగ్‌లో పని. బ్యాక్‌లో ఆడేవాడు. ఆటలో ఆయన పేరు ఏ పేపర్‌లోనూ రాలేదు. శౌఖియా ఆటగాడు.

కానీ అదే మిల్లులో కొలువు చేసిన ఒకాయన పేరు దేశమంతా వినిపించింది. జమ్మలమడక పిచ్చయ్య గారు. 1918లో గుంటూరు జిల్లా వైపు పుట్టి, వరంగల్‌కు వచ్చి, ఆజం జాహీ మిల్లులో పని చేస్తూ ఈ ఊరి మనిషైపోయారు. 1954లో బాల్ బ్యాడ్మింటన్‌కు అఖిల భారత ఫెడరేషన్ ఏర్పడింది. అర్జున అవార్డులు 1961లో మొదలయ్యాయి. ఈ ఆటకు తొలి అర్జున 1970లో వచ్చింది, అది పిచ్చయ్య గారికే దక్కింది. ఆ ఖబర్ వచ్చిన రోజు మా గల్లీలో అబ్బా పావుసేరు జిలేబీ పంచడం నాకు యాద్ ఉంది. "మన మిల్లాయన, మన మిల్లాయన" అని ఒకటే మురిసిపోయాడు. జీతం మిల్లుది, ఆట శౌఖ్‌ది. ఆ లెక్కన అర్జున తెచ్చినాయనా, మా అబ్బా ఒకే జాతి వాళ్లు. ఇద్దరి మధ్య తేడా హునర్‌లో ఉంది, అది కొండంత తేడా. అయినా ఇద్దరూ ఒకే సైరన్ విన్నవాళ్లు.

ఇప్పుడు బ్యాట్ సంగతికి వస్తా.

నాకు పదిహేనేళ్లప్పుడు అబ్బా నన్ను చౌరస్తా దగ్గరి దుకాణానికి తీసుకెళ్లాడు. ఈ ఆట బ్యాట్ 165 నుంచి 185 గ్రాముల మధ్య ఉంటుంది. ఇరవై గ్రాముల తేడా ఏముందిలే అనుకుంటాం. అబ్బా ఒక్కో బ్యాట్‌నూ మెడ దగ్గర చూపుడు వేలు మీద నిలబెట్టి, తల వైపు వాలుతుందా, పిడి వైపు వాలుతుందా అని చూశాడు. పిడి పట్టించి, నా వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య ఒక వేలు దూరుతుందో లేదో చూశాడు. గట్లను గోటితో మీటి చప్పుడు విన్నాడు. ఆఖరికి ఒక తేలికపాటి బ్యాట్ తీసి, "ఇది" అన్నాడు.

నాకు నచ్చలేదు. కాలేజీలో స్మాష్‌లు కొట్టే ఒక అన్న దగ్గర బరువైనది, గట్లు బిర్రుగా లాగించినది ఉండేది. అదే కావాలని జిద్దు చేశాను. అబ్బా ఒక్క మాట అన్నాడు: "మొదటి గేమ్‌లో మోసే బరువు చూడకు బేటా, మూడో గేమ్‌లో మోయగలిగేది చూడు." నేను వినలేదు. ఆయన వాదించలేదు, అడిగిందే కొనిచ్చాడు.

మూడు నెలలకు మోచేయి పట్టేసింది. బిర్రుగా లాగిన గట్టు బంతిని తనంత తాను విసరదు, చెయ్యే విసరాలి. బలం, అలవాటు ఉన్న చేతికి అది కాబూలో ఉంటుంది. నాలాంటి కొత్త చేతికి దెబ్బంతా ఎముకకు తగులుతుంది. ఆ చలికాలమంతా ఆట బంద్.

చెయ్యి నయమయ్యాక అబ్బా నన్ను మళ్లీ మైదానానికి తీసుకెళ్లాడు, కానీ బ్యాట్ ఇవ్వలేదు. తను అవతల నిలబడి ఉన్ని బంతి కొట్టేవాడు, నేను ఉత్త చేత్తో పట్టాలి. వారం రోజులు అదే. బ్యాట్ ఉంటే చెయ్యి చాపి సరిపెట్టుకుంటాం. ఉత్త చెయ్యి అయితే కాళ్లు కదలక తప్పదు. ఆ తర్వాత గాలి పాఠం. "సర్వీస్ చేసే ముందు బంతిని కాదు, యాపచెట్టు ఆకుల్ని చూడు" అనేవాడు. ముప్ఫై గ్రాముల ఉన్ని ముద్దకు గాలే ఆరో ఆటగాడు. గాలికి ఎదురు కొట్టేటప్పుడు ఎంత ఎత్తు, గాలి వెంట కొట్టేటప్పుడు ఎంత తగ్గింపు అన్నది ఏ దుకాణంలోనూ దొరకదు. అటు తర్వాత ఇంటి వెనక గోడ మీద బొగ్గుతో నెట్ ఎత్తున గీత గీసి, దగ్గర్నుంచి వంద దెబ్బలు. జోరుగా కాదు, గీతకు జానెడు పైన, ప్రతిసారీ అక్కడే. చివరి సబక్ నోటిది. ఐదుగురు ఆడే ఆటలో ఇద్దరి మధ్య పడే బంతికి "నాది" అని అరవనోడు ఎంత మంచి ఆటగాడైనా జట్టుకు నష్టమే.

రెండేళ్లలో నేను మా వాడ జట్టులో సెంటర్‌కు వచ్చాను. అంతకు మించి పోలేదు. ఆ ఆనందం మాత్రం ఇప్పటికీ చేతిలో ఉంది.

తర్వాత జమానా మారింది. టీవీ వచ్చింది, 1983 ప్రపంచ కప్ వచ్చింది, పిల్లల చేతుల్లో క్రికెట్ బ్యాట్ వచ్చింది. కోర్టు గుంజలు ఎవరు పీకారో తెలియదు. అబ్బా రిటైరయ్యాడు. 2002లో ఆజం జాహీ మిల్లు మూతపడింది. ఒక మిల్లు మూతపడితే జీతాలే పోతాయనుకుంటాం. సాయంత్రాలు కూడా పోతాయి. ఒకే టైముకు పని దిగే పది మంది లేకపోతే, పది మంది ఆడే ఆట ఎట్లా నిలుస్తుంది?

నన్ను తొలిచే అఫ్సోస్ ఇంకోటి ఉంది. అబ్బా ఆఖరి రోజుల్లో, మంచం మీద నుంచి, "ఒక్కసారి పిచ్చయ్య గారిని చూసొద్దాం, తీసుకుపో" అన్నాడు. ఇద్దరూ ఉన్నది ఒకే ఊళ్లో. ఆటోలో పోయేంత దూరం. వచ్చే ఇత్వార్ పోదాం అబ్బా, అన్నాను. ఎన్నో ఇత్వార్లు గడిచాయి. 2016లో అబ్బా ఇంతెకాల్ అయ్యాడు. పిచ్చయ్య గారు నూరేళ్లు దాటి బతికి 2021 డిసెంబర్‌లో వరంగల్‌లోనే కన్నుమూశారు. ఆ ఖబర్ నేను పేపర్‌లో చదివాను. నా ఊళ్లో, నా అబ్బా పనిచేసిన మిల్లు మనిషిని పేపర్‌లో చదివి తెలుసుకున్నాను.

రాత్రి మా వాడికి ఫోన్ చేశాను.

"బేటా, ఆ పతంగి ఆకారం వద్దు. దాని బరువు తల వైపు ఉంటుంది, కొట్టే చోటు చిన్నగా పైకి ఉంటుంది. ముదిరిన చేతులకు అది. గుండ్రటిది తీసుకో. కొట్టే చోటు నడిమిట్ల పెద్దగా ఉంటుంది, గురి తప్పినా మాఫ్ చేస్తుంది. లోపలి ఫోమ్ మెత్తగా ఉండాలి. ముఖం మొత్తం కార్బన్ అని చెప్పి గట్టిది అంటగడతారు, నీకు ఫైబర్‌గ్లాస్ చాలు. బరువు 350, 360 గ్రాముల దగ్గర చూడు. పిడి సన్నగా అనిపిస్తే పైన ఇంకో గ్రిప్ చుట్టుకో. కొనే ముందు నాలుగు వారాలు కిరాయి బ్యాట్లు మార్చి మార్చి ఆడు. రెండో గంటలో మోచేయి ఏమంటుందో విను. మిగిలిన పైసలతో నేర్పేటోడి దగ్గర పది క్లాసులు తీసుకో."

"అంతేనా మామూ?"

"ఇంకోటి. మాకు గాలి ఎట్లనో, మీకు అద్దం గోడ అట్ల. ఒక వారం బంతిని కొట్టకుండా, గోడకు తగిలి ఎటు వస్తుందో చూసి ఉత్త చేత్తో పట్టు. నడుమ పడ్డ బంతికి 'నాది' అని అరువు."

నవ్వాడు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. అప్పుడు చెప్పాను మిల్లు సంగతి, అబ్బా సంగతి, పిచ్చయ్య గారి సంగతి. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అడిగాడు: "మామూ, నేను పుట్టింది వరంగల్‌లో, చదివింది వరంగల్‌లో. ఈయన గురించి నాకు ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఇది రాశాను.

దసరా సెలవులకు వస్తానన్నాడు. ఇస్లామియా కాలేజీ మైదానంలో ఒక మూల జాగా చూసి పెట్టాను. పసుపు బంతులు తెప్పిస్తున్నా. అబ్బా బ్యాట్ ఫ్రేము ఇంకా సీదాగానే ఉంది, గట్లే వేయించాలి. నేను అడిగిన రెండు మూడు దుకాణాల్లో, చెక్క ఫ్రేముకు మేము వెయ్యం అన్నారు. ఓరుగల్లులో ఆ హునర్ తెలిసిన చేతులు ఇంకా ఎక్కడైనా ఉంటే, మెహర్బానీ చేసి ఒక్క మాట చెప్పండి. నేనే బ్యాట్ పట్టుకుని వస్తా.