హకోనె కొండల గడ్డి

జపాన్‌లో ఫుజి పర్వతానికి చేరువలో హకోనె కొండలున్నాయి. వేడినీటి ఊటలకు పేరుపడ్డ అగ్నిపర్వత ప్రాంతమది. ఎదో (నేటి టోక్యో), క్యోటో నగరాలను కలిపిన తొకాయిదో రహదారి ఈ కొండల మీదుగానే సాగేది. 1619లో షోగున్లనే సైనిక పాలకుల ప్రభుత్వం ఇక్కడ కాపలా ద్వారం పెట్టి, వచ్చేపోయే వారిని తనిఖీ చేయించింది. ఈ కొండల్లో, పొగమంచుకు తడిసే రాతి చరియలను పట్టుకుని ఒక పొట్టి గడ్డి పెరుగుతుంది. మోకాలి ఎత్తుకు మించదు. ఆకులన్నీ పల్లం వైపు వాలి, పిల్లగాలికే కదులుతాయి. ఆకు మొదట్లో మెలిదిరగడంతో అడుగువైపు పైకి కనిపిస్తుంది. జపనీయులు దీన్ని ఫూచిసో అంటారు. కుండీల్లో పెంచుతారు, బోన్సాయ్ చెట్ల పక్కన తోడుగా ఉంచుతారు.

దీనికి మొదట శాస్త్రీయ నామం ఇచ్చింది విలియం మన్రో. రాయలసీమ తలచుకునే థామస్ మన్రో కాదు, వేరొకరు. భారతదేశంలో పనిచేసిన ఈ బ్రిటిష్ సైనికాధికారి గడ్డిజాతుల్లో దిట్ట. వెదురు మీద 1868లో పెద్ద గ్రంథమే వెలువరించాడు. హకోనె గడ్డిని ఆయన మన కొల్లేటి కిక్కిస ఉన్న ప్రజాతిలోనే చేర్చాడు.

అది అక్కడ ఇమడదని, దానికి వేరే ప్రజాతి కావాలని తేల్చినవాడు జపాన్ వృక్షశాస్త్రవేత్త తొమితారో మకినో. 1862లో సకావాలో సాకే మద్యం తయారుచేసే ఇంట పుట్టాడు. ప్రాథమిక బడి చదువైనా పూర్తి చేయలేదు. కొండలూ వాగులూ తిరిగి లక్షల నమూనాలు సేకరించాడు. డాక్టరేటు అందుకునేసరికి ఆయనకు 65 ఏళ్లు. మరుసటి ఏడాది, 1928లో, భార్య సుయెకో మరణిస్తే తాను కనుగొన్న ఒక చిరు వెదురుకు ఆమె పేరు పెట్టాడు. హకోనె గడ్డికి ఆయన ఎంచిన పేరు హకోనెక్లోవా. దాన్ని మరో వృక్షశాస్త్రవేత్త మసాజి హోండా 1930లో లాంఛనంగా ప్రకటించాడు. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే.

ఇప్పుడిది ఐరోపా, అమెరికా తోటల్లోనూ కనిపిస్తుంది. బంగారు రంగు ఆకుల మీద సన్నని పచ్చగీతలుండే ‘ఆరియోలా’ రకాన్ని అమెరికాలోని బహువార్షిక మొక్కల సంఘం 2009 సంవత్సరపు మొక్కగా ఎంపిక చేసింది.

పెంచదలచినవారు దాని పుట్టినచోటును గుర్తుంచుకుంటే చాలు. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ దీనికి నప్పుతాయి. మండే ఎండలో ఆకుల అంచులు మాడతాయి, చిక్కటి నీడలో బంగారు ఛాయ తగ్గి ఆకుపచ్చగా మారుతుంది. నేల ఎప్పుడూ చెమ్మగా ఉండాలి గానీ నీరు నిలవకూడదు, నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. మట్టిలో మాగిన ఆకుల ఎరువు బాగా కలపాలి. చలికాలంలో ఆకులు ఎండి గోధుమరంగుకు తిరిగితే మొక్క చచ్చిందని పీకేయకండి. కొత్త మొలకలు రాకముందే ఎండు దుబ్బును నేలకు దగ్గరగా కోసేయండి. దుబ్బు విడదీసి నాటాలంటే వసంతమే అదును. ప్రతి ముక్కకూ వేళ్లు, మొలకలు ఉండేలా చూడాలి. ఎదుగుదల చాలా నెమ్మది. దుబ్బు నిండుగా కమ్ముకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. పక్క మొక్కలను మింగేయని సాధుగుణం కూడా ఆ నెమ్మదిలోనే ఉంది.

న్యూజెర్సీలోనో సియాటిల్‌లోనో ఇల్లున్న తెలుగువారికి పెరట్లో చెట్టునీడ ఉంటే ఇది చక్కగా కుదురుకుంటుంది. విజయవాడ, హైదరాబాద్ వేసవికి మాత్రం తట్టుకోలేదు. ఇక్కడివారు దానికోసం డబ్బు పోసి బాధపడే బదులు వట్టివేరో నిమ్మగడ్డో నాటండి. కలుపు పేరుతో పీకే ముందు ప్రతి గడ్డినీ ఒకసారి వంగి పరిశీలించండి. మకినో జీవితాంతం చేసింది ఆ పనే.