పన్ను పడకున్నా రిటర్ను తప్పదు
కొత్తగా వ్యాపారం ప్రారంభించిన వారు తెలుసుకోవాల్సిన అంశాలు

అనంతపురం: వర్షాధార వేరుశనగను నమ్ముకున్న ఈ కరవు సీమలో సేద్యానికి తోడుగా చిన్న వ్యాపారం పెట్టుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రాయదుర్గంలో జీన్స్‌ కుట్టు యూనిట్లు, ధర్మవరంలో పట్టుచీరల దుకాణాలు, పల్లెల్లో కిరాణా కొట్లు ఇందుకు ఉదాహరణలు. దుకాణం తెరిచిన తొలి ఏడాదే ఆదాయపు పన్ను ప్రశ్న ఎదురవుతుంది. ‘పన్ను పడదు కదా, రిటర్ను ఎందుకు?’ అనుకోవడం పొరపాటు.

రిటర్ను ఎవరు వేయాలి?

2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి 1961 నాటి చట్టం వర్తిస్తుంది. కొత్త పన్ను విధానంలో రూ.4 లక్షల వరకు పన్ను లేదు. రూ.12 లక్షల వరకు రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది. అయితే ఆదాయం రూ.4 లక్షలు దాటితే రిటర్ను తప్పనిసరి. వ్యాపార టర్నోవరు రూ.60 లక్షలు మించితే లాభంతో నిమిత్తం లేకుండా దాఖలు చేయాల్సిందే. సొంత వ్యాపారికి వేరే పాన్‌ ఉండదు. యజమాని పాన్‌పైనే దుకాణం ఆదాయం చూపాలి.

అంచనా లాభం పద్ధతి

లెక్కల పుస్తకాలు రాయలేని చిన్న వ్యాపారులకు సెక్షన్‌ 44ఏడీ వెసులుబాటు కల్పిస్తోంది. టర్నోవరు రూ.2 కోట్లు మించరాదు. నగదు వసూళ్లు 5 శాతం లోపు ఉంటే పరిమితి రూ.3 కోట్లు. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన మొత్తంపై కనీసం 6 శాతం, నగదుపై కనీసం 8 శాతం లాభంగా చూపాలి.

ఉదాహరణకు ఒక వస్త్ర దుకాణంలో ఏడాది అమ్మకాలు రూ.80 లక్షలు అనుకుందాం. అందులో రూ.50 లక్షలు బ్యాంకు ద్వారా, రూ.30 లక్షలు నగదుగా వచ్చాయి. లాభం వరుసగా రూ.3 లక్షలు, రూ.2.40 లక్షలు, వెరసి రూ.5.40 లక్షలు. రూ.4 లక్షలకు పైబడిన రూ.1.40 లక్షలపై 5 శాతం చొప్పున రూ.7 వేలు పన్ను. రిబేటుతో అది మాఫీ అవుతుంది. రిటర్ను మాత్రం వేయాలి. ఇందుకు ఐటీఆర్‌-4 (సుగమ్‌) ఫారం సరిపోతుంది.

చీనీ మండీలో కమీషన్‌పై పనిచేసే ఏజెంట్లకు ఈ పద్ధతి వర్తించదు. వారు లెక్కలు రాసి ఐటీఆర్‌-3 దాఖలు చేయాలి.

సేద్యం, వ్యాపారం రెండూ ఉంటే

సొంత పొలంలో పండిన వేరుశనగ కాయలను అమ్మగా వచ్చినది వ్యవసాయ ఆదాయం. దానిపై పన్ను లేదు. ఇతరుల కాయలు కొని అమ్మితే అది వ్యాపారమే. వ్యవసాయ ఆదాయం రూ.5 వేలు దాటి, ఇతర ఆదాయం రూ.4 లక్షలు మించితే పన్ను లెక్కింపులో దానినీ పరిగణిస్తారు. కనుక రిటర్నులో దాచరాదు.

నష్టం వచ్చినా...

కరవు ఏడాది గిరాకీ తగ్గి నష్టం రావచ్చు. లెక్కలతో ఐటీఆర్‌-3ను గడువులోగా వేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు రాబోయే వ్యాపార లాభాల్లో సర్దుబాటు చేసుకోవచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది.

మరవకూడనివి

* గడువు తేదీని ఏటా ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో సరిచూసుకోవాలి. 2025లో దీనిని జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు, ఆపై 16కు పొడిగించారు.
* ఆలస్యమైతే రూ.5 వేల వరకు, ఆదాయం రూ.5 లక్షల లోపైతే రూ.వెయ్యి వరకు రుసుము ఉంటుంది.
* పన్ను రూ.10 వేలు, అంతకు మించి ఉంటే 44ఏడీ వ్యాపారులు మార్చి 15లోగా ముందస్తు పన్ను చెల్లించాలి.
* వార్షిక సమాచార నివేదికతో, జీఎస్టీ లెక్కలతో టర్నోవరు సరిపోవాలి.
* దాఖలు చేసిన 30 రోజుల్లోగా ఆధార్‌ ఓటీపీతో ధ్రువీకరించాలి. లేనిపక్షంలో ఆ రిటర్ను చెల్లదు.
* 2026 ఏప్రిల్‌ 1 తర్వాతి ఆదాయానికి ఆదాయపు పన్ను చట్టం-2025 వర్తిస్తుంది. అందులో అంచనా లాభం పద్ధతి సెక్షన్‌ 58 కిందికి వస్తుంది.

బ్యాంకు రుణానికి దరఖాస్తు చేసినప్పుడు ఆదాయానికి ఆధారంగా రిటర్నులు అడుగుతారు. తొలి ఏడాది నుంచే క్రమం తప్పక వేసిన రిటర్ను, వాన కురవని ఏడాది అప్పు పుట్టించుకోవడానికి అక్కరకొస్తుంది.