చూపు దాఖలాగా మారిన వైనం: తొలితరం సామాజిక మాధ్యమాల్లో ‘ఇటీవలి సందర్శకుల’ జాబితా

వ్యాససంగ్రహం: ఒకరి ప్రొఫైల్‌ను ఎవరు చూశారో ఆ ప్రొఫైల్ యజమానికి చూపే ఏర్పాటు 2004 తరువాత సామాజిక మాధ్యమాల్లో ప్రచారం పొందింది. మిక్సీ, ఫ్రెండ్‌స్టర్, ఆర్కుట్‌లలో దాని పరిణామాన్ని పరిశీలించి, చదువరి గోప్యత సాంకేతికత కన్నా నియమాలపైనే ఎక్కువగా ఆధారపడిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: డేటాబేస్, సందర్శకుల జాబితా, గోప్యత, మిక్సీ, ఆర్కుట్.

1. ఉపోద్ఘాతం

వెబ్ తొలినాళ్ల నుంచీ సర్వర్లు తమకు అందిన అభ్యర్థనలను లాగ్ ఫైళ్లలో నమోదు చేస్తూనే ఉన్నాయి. ఏ ఐ.పి. చిరునామా నుంచి, ఏ సమయంలో, ఏ పుటను కోరారన్నది వాటిలో ఉండేది. అయితే ఆ దాఖలా నిర్వాహకులకే పరిమితం. అందులో సాధారణంగా మనిషి పేరు ఉండదు. సభ్యులు లాగిన్ అయి సంచరించే సామాజిక మాధ్యమాలు వచ్చాక చూపుకు పేరు తోడైంది. ఆ పేరును ఎవరికి చూపాలన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది.

2. పట్టిక స్వరూపం

ఈ ఏర్పాటుకు మూడు గడుల పట్టిక చాలు: చూసినవారి సంఖ్య, చూడబడినవారి సంఖ్య, సమయం. అదే వ్యక్తి మళ్లీ వస్తే కొత్త వరుస చేర్చకుండా పాత వరుసలోని సమయాన్ని మార్చవచ్చు. నిర్ణీత గడువు దాటిన వరుసలను తొలగించవచ్చు. సాంకేతికంగా ఇది సులభమే అయినా, దీనివల్ల ఒక మౌలికమైన మార్పు వచ్చింది. పుటను చదివిన ప్రతిసారీ డేటాబేస్‌లో ఒక రాత జరుగుతుంది. చదవడమే రాయడంగా మారింది.

3. జపాన్ అనుభవం

2004లో జపాన్‌లో ప్రారంభమైన మిక్సీ ఈ జాబితాకు ‘అషిఅతో’, అంటే అడుగుజాడ, అని పేరు పెట్టింది. మిత్రుల దినచర్యను చదివి వ్యాఖ్య రాయకుండా వెళ్లిపోయేవారి అడుగుజాడ అక్కడే మిగిలేది. ఆ ప్రవర్తనను ‘యోమినిగే’, అంటే చదివి పారిపోవడం, అని నిందించేవారూ ఉండేవారు. ఈ విధమైన మొహమాటాల భారం ‘మిక్సీ అలసట’ అన్న మాట పుట్టడానికి దోహదం చేసింది. అయినా 2011లో సంస్థ సందర్శకులను అప్పటికప్పుడు చూపడం మానివేసినప్పుడు వాడుకరులు నిరసన తెలిపారు. 2013లో అడుగుజాడలు తిరిగి వచ్చాయి. భారమనిపించిన ఆ జాబితాయే, తమను ఎవరో పలకరించి వెళ్లారన్న భరోసాను కూడా ఇచ్చిందని ఈ నిరసన సూచిస్తుంది.

4. పరస్పర నియమం

ఫ్రెండ్‌స్టర్ 2005లోనూ, భారతదేశంలో విస్తృత ఆదరణ పొందిన ఆర్కుట్ 2006లోనూ ఇటువంటి ఏర్పాటును ప్రవేశపెట్టాయి. తన రాకను దాచుకున్నవారు ఇతరుల రాకను చూడలేరన్నది వీటి నియమం. పైకి ఇది సమన్యాయంగా కనిపిస్తుంది. కానీ అంతవరకు సహజంగా లభించిన అజ్ఞాతం దీనివల్ల వెల చెల్లించి పొందవలసిన సౌకర్యమైంది. ఆ వెల ఇతరుల గురించి తెలుసుకొనే అవకాశం.

5. ముగింపు

ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. తరువాత గూగుల్ కొంతకాలం అందరికీ అందుబాటులో ఉంచినవి బహిరంగ సముదాయాల చర్చలు. సందర్శకుల జాబితాలు కావు. మాట్లాడినవారి జాడ కొంతైనా మిగిలింది, మౌనంగా చదివినవారి జాడ మిగలలేదు. చరిత్రకారునికి ఇది లోటు. చదువరికి మాత్రం ఆలస్యంగా తిరిగి దక్కిన గోప్యత. డిజిటల్ దాఖలాలను భద్రపరచే విధానాలు ఈ రెండింటినీ తూచి రూపొందవలసి ఉంది.