యుద్ధం ఏనాడు మొదలయింది?

రెండవ ప్రపంచయుద్ధం 1939 సెప్టెంబరు 1న ప్రారంభమైనదని మన పాఠ్యగ్రంథాలు చెపుతున్నాయి. విద్యార్థి అలాగే వ్రాస్తాడు, ఉపాధ్యాయుడు మార్కు వేస్తాడు, అక్కడితో సరి. కాని అది ఎవరి తేదీ? ఆనాడు జర్మన్ సేనలు పోలెండులో ప్రవేశించాయి; మూడవనాడు బ్రిటన్, ఫ్రాన్సులు యుద్ధం ప్రకటించాయి. సోవియట్ ప్రజలకు యుద్ధం 1941 జూన్ 22న వచ్చింది, అమెరికాకు ఆ డిసెంబరు 7న. చైనాలో దీనిని 1937నుంచి లెక్కించి ఎనిమిదేళ్ళ ప్రతిఘటన యుద్ధమనేవారు. 2017లో అక్కడి ప్రభుత్వం పాఠ్యగ్రంథాలలో దానిని 1931నుంచి పధ్నాలుగేళ్ళ యుద్ధంగా మార్పించింది. యుద్ధానికొక తేదీ పెట్టడమంటే, అంతకు ముందు జరిగినదానికి ఎవరూ జవాబుదారులు కారని తీర్పు చెప్పడమే.

1931 సెప్టెంబరు 18 రాత్రి ముక్డెన్ వద్ద జపాన్ సైనికాధికారులే రైలుపట్టాల దగ్గర ప్రేలుడు జరిపించి, నేరం చైనీయుల నెత్తిన వేసి, మంచూరియాను ఆక్రమించారు. నానాజాతి సమితి విచారణ సంఘాన్ని పంపింది. నివేదిక వచ్చింది. 1933లో జపాన్ సమితినుంచి లేచిపోయింది. మంచూరియా జపాన్ చేతిలోనే వుండిపోయింది.

అబిసీనియా కథ మరింత నీచమైనది. 1935 అక్టోబరు 3న ముస్సోలినీ సేనలు ఆ దేశంమీద పడ్డాయి. విషవాయువును నిషేధించిన జెనీవా ఒడంబడికలో ఇటలీ చేరివుంది. అయినా ఇటలీ విమానాలు సైనికులమీద, గ్రామాలమీద మస్టర్డ్ వాయువు కురిపించాయి. సమితి ఆర్థిక ఆంక్షలు విధించింది. ఆ జాబితాలో చమురు లేదు! చమురు లేనిదే లారీ కదలదు, విమానం లేవదు. ఆ సంగతి జాబితా వ్రాసినవారికి తెలియనిది కాదు. సూయజ్ కాలువ బ్రిటిష్ కావలిలో వుంది. ఇటలీ ఓడలు సైన్యాలను, ఆయుధాలను నింపుకొని, సుంకం చెల్లించి, దర్జాగా దానిగుండానే సాగిపోయాయి. ఆ డిసెంబరులో బ్రిటిష్, ఫ్రెంచి విదేశాంగ మంత్రులు హోర్, లవాల్ అబిసీనియాలో పెద్దభాగం ఇటలీకి ధారపోసే పథకం రహస్యంగా తయారుచేశారు. అది పత్రికల కెక్కడంతో హోర్ రాజీనామా ఇచ్చాడు. సోవియట్ చమురు కూడా ఆ రోజులలో ఇటలీకి చేరుతూనే వుండేదని, మనకు రుచించకపోయినా, చెప్పుకోక తప్పదు. 1936 మే 5న అడిస్ అబాబా పడిపోయింది. జూన్ 30న హైలీ సెలాసీ జెనీవాలో సమితి ముందు నిలిచి మాట్లాడబోతే ఇటాలియన్ విలేఖరులు ఈలలు వేశారు. జూలైలో ఆంక్షలు ఎత్తివేశారు.

ఆ జూలైలోనే స్పెయిన్‌లో ఫ్రాంకో తిరగబడ్డాడు. తరువాత 'జోక్యం వద్ద'నే నీతి, గెర్నికా, మ్యూనిక్ — ఇవి మన పాఠకులకు తెలిసినవే.

1937 జూలై 7న పెకింగు సమీపాన మార్కోపోలో వంతెనవద్ద తుపాకులు ప్రేలాయి. ఆనాడు మొదలైన పోరాటం 1945దాకా ఆగనే లేదు. నన్నడిగితే ప్రపంచయుద్ధానికి తేదీ ఇదే. డిసెంబరులో నాన్‌కింగ్ మారణకాండ జరిగింది. అమెరికా తుక్కు ఇనుము 1940 శరత్కాలందాకా, అమెరికా చమురు 1941 వేసవిదాకా జపానుకు అమ్ముడవుతూనే వున్నాయి. ఆ కాలంలో చైనాకు అందిన సహాయాలలో మనది చిన్నదే: 1938లో జాతీయ కాంగ్రెసు అయిదుగురు వైద్యులను పంపింది. వారిలో కోట్నీస్ 1942 డిసెంబరులో అక్కడే మరణించాడు.

ఇక మన ఇంటి లెక్క. వామపక్షాలవారికి 1941 జూన్ 22మీద మక్కువ ఎక్కువ. రెండుకోట్ల డెబ్బయిలక్షలమంది సోవియట్ ప్రజలు బలి అయిన పోరాటమది. ఆ గౌరవం సహజమే. సమష్టి భద్రతకై సోవియట్ ప్రభుత్వం ఏళ్ళతరబడి ప్రయత్నించిన మాటా నిజమే. అయితే 1939 ఆగస్టు 23న జర్మనీతో చేసుకున్న ఒడంబడికలో తూర్పు యూరపును పంచుకొనే రహస్యపత్రం వుందని, సెప్టెంబరు 17న ఎర్రసైన్యం తూర్పు పోలెండులో ప్రవేశించిందని చరిత్ర వ్రాసేవారు దాటవేయరాదు. ఆ పత్రాన్ని మాస్కో 1989దాకా ఒప్పుకోలేదు. ఇక్కడి కమ్యూనిస్టు పార్టీ 'సామ్రాజ్యవాద యుద్ధ'మన్నదానిని 1941 చివరికి 'ప్రజాయుద్ధ'మన్నది. 1942లో క్విట్ ఇండియాకు దూరంగా నిలిచింది. తేదీ మారితే యుద్ధం పేరు, దానితో కర్తవ్యమూ మారిపోయాయి.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతీయ ప్రతినిధుల నెవరినీ సంప్రదించకుండానే ఇండియాను యుద్ధంలోకి దింపాడు. కాంగ్రెసు మంత్రివర్గాలు, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా, రాజీనామా ఇచ్చాయి. అలా దింపబడిన దేశపు సైనికులే, నాలుగవ, అయిదవ భారత డివిజన్‌లవారు, 1941 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఎరిత్రియాలోని కెరెన్ కొండలమీద పోరాడి ఇటాలియన్ సైన్యాన్ని ఓడించారు. 1935లో ముస్సోలినీ ప్రధాన సేన అబిసీనియామీదికి బయలుదేరింది ఆ ఎరిత్రియానుంచే. మే 5న, రాజధాని పతనమైన సరిగ్గా అయిదేళ్ళకు, హైలీ సెలాసీ అడిస్ అబాబాలో తిరిగి ప్రవేశించాడు. జూన్ 22కు అప్పటికింకా ఏడువారాలుంది. మన లెక్కలో అది ఇంకా సామ్రాజ్యవాద యుద్ధమే.