ఖత్నా: నిషేధ చట్టం లేని ఆచారం, నోరు విప్పనివ్వని వెలి భయం

సూరత్ పేరు చెప్పగానే తెలుగువారికి చీరలు, ఉధ్నా, భేస్తాన్ వైపు మరమగ్గాలు, వలస కార్మికులు గుర్తొస్తారు. షియా ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రాలకు మాత్రం అది విద్యాకేంద్రం. వారి మతవిద్యా సంస్థ అల్ జామియా తుస్ సైఫియా 1814లో ఇక్కడే మొదలైంది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 10 లక్షల మంది ఉన్న ఈ చిన్న సమాజం వ్యాపారంలో, చదువులో ముందుంది. అయినా ఆడపిల్లలకు సుమారు ఏడేళ్ల వయసులో చేసే ‘ఖత్నా’ ఆగిపోలేదు.

ఏమిటీ ఆచారం?

బాలిక జననాంగంలో క్లిటోరిస్‌ను కప్పి ఉండే చర్మాన్ని కోయడమే ఖత్నా. మంత్రసానులో, డాక్టర్లో చేస్తారు. వైద్య అవసరం లేని ఈ కోతను ప్రపంచ ఆరోగ్య సంస్థ స్త్రీ జననాంగ విచ్ఛేదనంలో మొదటి రకంగా వర్గీకరించింది. దీని ప్రస్తావన ఖురాన్‌లో లేదు. బోహ్రాలు ప్రమాణంగా భావించే 10వ శతాబ్దపు న్యాయగ్రంథం ‘దాయిమ్ అల్ ఇస్లాం’లో ఉంది. ఇది హాని లేని మతాచారమని, విచ్ఛేదనంతో పోల్చరాదని సమాజంలోనే ఒక మహిళా సంఘం సుప్రీంకోర్టులో వాదించింది.

ఎందుకు కొనసాగుతోంది?

పిల్లను తీసుకెళ్లేది తల్లి, అమ్మమ్మ, నాయనమ్మలే. ఎవరికీ చెప్పొద్దంటారు. ఆ మౌనాన్ని బోహ్రా మహిళలే ఛేదించారు. వారి బృందం ‘వియ్ స్పీక్ అవుట్’ 2018 అధ్యయనంలో, పాల్గొన్నవారి ఏడేళ్లు దాటిన కుమార్తెల్లో 75 శాతం మందికి ఖత్నా జరిగినట్లు తేలింది.

మౌనం వెనుక వెలి భయం ఉంది. ‘బరాత్’ అనే బహిష్కరణ పడితే బంధుత్వాలు, వ్యాపార సంబంధాలు తెగిపోతాయి, శ్మశానంలో చోటు కూడా దొరకదు. ఇలాంటి వెలిని 1949 బొంబాయి చట్టం నిషేధించింది. 1962లో సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో ఆ చట్టాన్ని కొట్టేసింది. మత పెద్ద అధికారం మత స్వేచ్ఛలో భాగమని పేర్కొంది.

చట్టం ఎక్కడుంది?

ఆస్ట్రేలియాలో 2015లో ఒక ఖత్నా కేసులో ముగ్గురు దోషులుగా తేలారు. ఆ తర్వాత పలు పాశ్చాత్య దేశాల్లోని బోహ్రా జమాత్‌లు స్థానిక చట్టాన్ని పాటించాలని సభ్యులకు సూచించాయి. స్పష్టమైన చట్టం, శిక్ష ఉన్నచోట ఆచారం వెనక్కి తగ్గగలదని ఇది చూపింది.

భారత్‌లో ఖత్నాకు ప్రత్యేక చట్టం లేదు. జోగినిగా మార్చడాన్ని నేరంగా ప్రకటిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లో చేసిన చట్టం లాంటిది ఇక్కడ రాలేదు. అధికారిక గణాంకాలు లేవని 2017లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. ఇప్పటికే ఉన్న చట్టాల కింద ఇది నేరమేనని 2018లో అటార్నీ జనరల్ వాదించారు. అదే ఏడాది కేసు రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. 2019లో శబరిమల సమీక్ష తీర్పు దీన్ని విస్తృత ధర్మాసనం పరిశీలించాల్సిన ప్రశ్నలతో ముడిపెట్టింది. వెలి కేసును కూడా 2023లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపారు.

ఈ రెండు వ్యాజ్యాలను విడివిడిగా చూడలేం. ఖత్నాను నేరమని ప్రకటించినా, ఫిర్యాదు చేయాల్సింది ఆ ఇంటివారే. వెలి భయం పోకపోతే, కూతురికి ఖత్నా వద్దనే తల్లికి ఆ చట్టం కాగితం మీదే ఉంటుంది.