కాసులపేరు చెప్పు చరిత్ర

కడప జిల్లా కమలాపురమున గాని, మరి యే తెలుగు ఊర గాని కాసులపేరు ఎరుగనివారు అరుదు. క్రయవిక్రయములకై పుట్టిన నాణెము ఇందులో కంఠాభరణమైనది. అన్యదేశపు నాణెమును చూచి, దానిని తమ అలంకార కళలో కలుపుకొనుట పూర్వము ఐరోపాలోను, తెలుగు దేశములోను కూడ జరిగినది.

మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్పు (క్రీ.పూ. 359-336) బంగారు నాణెములపై ఒకవైపు అపోలో శిరస్సు, రెండవవైపు రెండు గుఱ్ఱముల రథము ఉండెను. ఇవి కెల్టు జాతులకు చేరగా, వారును అట్టివే చేయసాగిరి. నకలును చూచి మరొక నకలు చెక్కుటచే, తరతరమునకు రూపము మారెను. అపోలో జుట్టు మెలికల ముగ్గైనది. రథము చక్రములుగా, చుక్కలుగా విడిపోయినది. ఇది చేతగానితనము కాదు. కెల్టుల నగలలోను ఆ మెలికలే ప్రధానము. ఆ కళకు ఆదరణ నేటికిని తగ్గలేదు. ఎనిమిదవ శతాబ్దికి చెందిన "తారా" అను పైటపిన్ను 1850లో ఐర్లండున దొరకగా, డబ్లిను నగల వర్తకులు దాని నకళ్లు చేసి అమ్మిరి.

ఇక మన దేశమునకు వత్తము. తెలంగాణలోని కొండాపురమున శాతవాహనుల నాటి పట్టణమును హైదరాబాదు రాజ్య పురావస్తుశాఖ 1940-42లో త్రవ్వించెను. అచట రోమను చక్రవర్తి టైబీరియస్ (క్రీ.శ. 14-37) నాణెములను పోలిన మట్టిబిళ్లలు దొరికినవి. దారము గుచ్చుటకు వానికి కొక్కెమో, రంధ్రమో కలదు. అనగా అవి మెడలో ధరించు పతకములు. అసలు నాణెమును తడిమట్టిపై నొక్కినచో తలక్రిందుల ముద్ర ఏర్పడును. దానిని కాల్చిన అచ్చు సిద్ధమగును. ఆ అచ్చులో మరల మట్టి నొక్కిన సరియైన బొమ్మ వచ్చును. మట్టి ఆరునపుడును, కాలునపుడును కుంచించును గనుక బిళ్ల అసలు నాణెముకంటె కొంచెము చిన్నదగును.

రోమను బంగారు నాణెములు 1889లో వినుకొండలోను, పిమ్మట రాయలసీమలోని నంద్యాలలోను దొరికినవి. అట్టి బంగారము కొనగలవారు కొందరే. మట్టిబిళ్ల సామాన్యునికిని అందును. కావున చరిత్రకారునికి ఆ మట్టిబిళ్ల బంగారముకంటె తక్కువది కాదు. అన్యదేశపు బొమ్మపై జనులకు గల మక్కువకు అదియే సాక్షి.

నేడు ఒక కాసు బంగారమనగా 8 గ్రాములు. ఇది ఇంచుమించుగా బ్రిటిషు సవరను బరువే. పాత నగను కరగించినపుడు బంగారము బరువు మిగులును. కాసుపైని బొమ్మ, లిపి, కాలము మాత్రము పోవును. దొరికిన నాణెములు కొలిమి పాలైన అదే నష్టము. భూమిలో దొరికిన నిధిని కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుటకు కారణము బంగారముపై ఆశ మాత్రమే కాదు. ఇంటిలోని పాత హారమును కరగించకముందు దాని రెండు ముఖములకు ఫోటో తీయించి, బరువు వ్రాసి యుంచుట విద్యార్థికి సాధ్యమైన పని. చరిత్రకు మేలైన పని.